డీజిలా పెట్రోలా సరే, ఆ లక్షన్నర ఎక్కడిది?

పలాస నుంచి ఒకాయన అడిగారు. జీడిపప్పు వ్యాపారం, వ్యాపారం ఖర్చులు పోను నెలకి సగటున 85 వేలు చేతికొస్తాయి, ఇల్లు గడవడానికి 40 వేలు. ఏడు సీట్ల పెద్ద ఎస్‌యూవీ కొనాలి, ఆన్‌రోడ్ పెట్రోల్ 23 లక్షలు, డీజిల్ 24.5 లక్షలు. దాచుకున్న 5 లక్షలూ డౌన్‌పేమెంట్‌కి పెడతారు, బ్యాంకు 18 లక్షలు ఇస్తానంది, డీజిల్ అయితే తగ్గే లక్షన్నర తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెస్తారట. నెలకి 800 కిలోమీటర్లు తిరుగుతారు, ఎక్కువ భాగం రెండు వైజాగ్ ట్రిప్పులే. ఏ ఇంజిన్ మంచిది అని ప్రశ్న.

లెక్క వేద్దాం. పెట్రోల్ లీటరు 110, డీజిల్ 97 అనుకుని, ఇంత బరువు బండి పెట్రోల్‌కి 10, డీజిల్‌కి 14 ఇస్తుందనుకుంటే కిలోమీటరుకి 4 రూపాయలు తేడా, ఏడాదికి 38,400 మిగులు. బానే ఉందనిపిస్తుంది. కానీ రెండు రూపాయల వడ్డీ అంటే లక్షన్నరకి నెలకి 3 వేలు, ఏడాదికి 36 వేలు! డీజిల్ మిగిల్చింది మొత్తం వడ్డీకే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. ఏడాదికి 24 శాతం వడ్డీకి అప్పు తెచ్చి మైలేజీ కొనడం ఏంటండీ? ఈ పని మాత్రం వద్దు.

డీజిల్ బండి పొగలో మసిని పట్టే ఫిల్టర్, అదే డీపీఎఫ్, మూసుకుపోతుందన్న భయం మీకు అక్కర్లేదు, నెలకి రెండుసార్లు హైవే ఎక్కుతున్నారు కదా. ఊళ్లోనే తిరిగేవాళ్లకి ఆ సమస్య. హైబ్రిడ్ బాగుంటుంది కానీ మీ బడ్జెట్ దాటిపోతుంది.

అసలు నన్ను భయపెట్టింది ఆ 5 లక్షలూ ఊడ్చి ఇచ్చేయడం. 2025 సెప్టెంబర్‌లో పెద్ద బళ్ల మీద మొత్తం పన్ను 40 శాతానికి దిగాక ఇదే తప్పు చాలామంది చేస్తున్నారు, రేటు తగ్గింది కదా అని ఉన్నదంతా షోరూమ్‌లో పెట్టేస్తున్నారు. 18 లక్షలకి తొమ్మిదిన్నర శాతం చొప్పున ఏడేళ్లకి ఈఎంఐ దాదాపు 29,400. ఇంటి ఖర్చుతో కలిపితే నెలకి 70 వేలు, అదీ బండిలో ఒక్క లీటరు పోయకుండానే. మీ 85 వేలు సగటు మాత్రమే, పప్పు రేటు పడిన నెల, సరుకు ఆగిపోయిన నెల మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చి ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలు నేలమట్టం అయినప్పుడు రోజుల తరబడి కరెంటు కూడా లేదు. అలాంటప్పుడు బ్యాంకు ఈఎంఐ తేదీ ఆగదు, చేతిలో డబ్బు లేకపోతే మళ్లీ ఆ రెండు రూపాయల వాళ్ల దగ్గరికే వెళ్లాలి, ఈసారి మూడు అడుగుతారు.

అందుకే ఆరు నెలల ఖర్చు, ఈఎంఐతో సహా అంటే 4 లక్షల 20 వేలు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకునేలా విడిగా ఉండాలి, బండి దాని తర్వాతే. ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ లేకపోతే అదీ ముందే.

ఏడాదిన్నర ఆగి డౌన్‌పేమెంట్ వేరేగా పోగేయండి, లేదా పెద్దది పక్కనపెట్టి 12, 13 లక్షల్లో పెట్రోల్ బండి చూడండి. ఏది కొన్నా ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్ట్ వేయించండి, నీళ్లలో ఆగిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పోతే మామూలు పాలసీ ఇవ్వదు. బుకింగ్ అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే క్యాన్సిల్ చేస్తే ఎంత తిరిగిస్తారో ఈ వారమే షోరూమ్‌లో అడగండి, ఆ లక్షన్నర అప్పుకి ప్రామిసరీ నోటు మీద మాత్రం సంతకం పెట్టకండి.