ఏమీ చేయకుండానే "మీరు పేజీని పాడు చేశారు" అని హెచ్చరిక వచ్చింది, ఫోన్ హ్యాక్ అయిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: ఎక్కడా లాగిన్ కాకుండా మొబైల్ డేటాతో, ఎవరైనా మార్పులు చేయగల ఓ విజ్ఞాన సైట్ చదువుకుంటుంటే, "మీరు పేజీలను పాడు చేస్తున్నారు, మళ్లీ చేస్తే నిరోధిస్తాం" అని హెచ్చరిక కనిపించింది. మీరు ఆ పేజీ మొహం కూడా చూడలేదు. ఇక టెన్షన్ మొదలైంది.

హ్యాక్ అయిందనడానికి ఇది ఆధారం కాదు. ముందు ఆ హెచ్చరిక చివర ఉన్న తేదీ చూడండి. నాకూ అచ్చం ఇలాంటిదే వచ్చింది. ఎవరో ఓ నటుడి పేజీలో పుట్టిన తేదీ చెరిపేసి బూతులు రాశారు, చీవాట్లు నాకు పడ్డాయి. కిందకు జరిపి చూస్తే ఆ సందేశం రెండేళ్ల కిందటిది. అప్పటికి నా దగ్గర ఆ సిమ్మే లేదు. అన్నట్టు, ఇలాంటి చోట్ల టైం తరచుగా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటుంది. "ఆ టైంలో నేను నిద్రపోతున్నానే" అనుకునే ముందు మన టైంలోకి మార్చుకుని చూడండి.

అసలు సంగతేంటంటే, లాగిన్ కాని మనిషిని సైట్ గుర్తుపట్టడానికి పేరు ఉండదు. నెట్‌లో మీ కనెక్షన్‌ని గుర్తించే నెంబర్ అయిన ఐపీ అడ్రసే పేరు అనుకుని దానికి సందేశం పెడుతుంది. ఆ అడ్రసేమో మీ సొంతం కాదు. పాత పద్ధతి అయిన ఐపీవీ4లో ఉన్నవే సుమారు 429 కోట్ల అడ్రసులు. ప్రపంచస్థాయిలో వాటిని పంచే ఐఏఎన్ఏ అనే సంస్థ దగ్గర పంచడానికి మిగిలిన అడ్రసుల కట్టలు 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. ఫోన్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి. అందుకని నెట్ కంపెనీలు చాలామంది కస్టమర్లను బయటికి కనిపించే ఒకే పబ్లిక్ ఐపీ వెనక పెట్టేస్తాయి. దీన్నే సీజీనాట్ అంటారు. ఎవరి ట్రాఫిక్ ఎవరిదో పోర్ట్ నెంబర్లను బట్టి విడదీస్తారు, ఇవి ఒకే అడ్రసులో ఉన్న గది నెంబర్ల లాంటివి. ఒక ఐపీకి 65,536 పోర్టులు ఉంటాయి కాబట్టి, మనిషికి వెయ్యి చొప్పున ఇచ్చినా ఒకే అడ్రసు మీద అరవై మందికి పైగా ఒకేసారి సర్దుకుంటారు. ఇవాళ మీతో ఉన్నవాళ్లు రేపు ఉండరు, ఆ అడ్రసు కూడా రేపు మీకు ఉండకపోవచ్చు.

నమ్మకం కుదరకపోతే మీరే చూసుకోవచ్చు. ఇంట్లో రౌటర్ ఉంటే దాని సెట్టింగ్స్ పేజీలో వాన్ (WAN) ఐపీ అని, నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రసు ఒకటి కనిపిస్తుంది. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే, ఎందుకంటే ఆ వరుసను 2012లో ప్రత్యేకంగా ఈ పనికే కేటాయించారు. 10తో మొదలైనా దాదాపు అదే కథ. తర్వాత "నా ఐపీ ఎంత" అని చూపించే సైట్ ఏదైనా తెరవండి, అక్కడ ఇంకో నెంబర్ కనిపిస్తుంది. ఫోన్లో అయితే ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి ఆఫ్ చేస్తే చాలు, చాలాసార్లు అడ్రసు మారిపోతుంది. నేను అలా మార్చాక మళ్లీ ఆ సైట్‌కి వెళ్తే హెచ్చరిక మాయం. దాని బదులు ఇంకెవరికో చెప్పిన "స్వాగతం, మీ మార్పులకు ధన్యవాదాలు" కనిపించింది. తిట్లూ నావి కావు, పొగడ్తలూ నావి కావు!

ఇది మనలాంటి ఒకరిద్దరికి వచ్చే చిక్కు కూడా కాదు. 2007 కొత్త సంవత్సరం సమయంలో ఇంగ్లీషు వికీపీడియాలో ఒక ఐపీని బ్లాక్ చేస్తే, ఖతార్ దేశం దాదాపు మొత్తం ఆ ఒక్క అడ్రసు మీద నుంచే వస్తోందని బయటపడింది. పొరపాటు తెలిసి కాసేపట్లో తీసేశారు. ఐపీ చూసి నెలల తరబడి బ్లాక్ పెట్టే సైట్లను చూస్తే నాకు ఇప్పటికీ చిరాకే. దొంగ ఈపాటికి ఇంకో అడ్రసు మీద ఉంటాడు, దెబ్బ మాత్రం తర్వాత వచ్చినవాడికి. ఈమధ్య వికీపీడియా కూడా పద్ధతి మార్చుకుంటోంది. లాగిన్ కాకుండా మార్పులు చేసేవాళ్లకు ఐపీ బదులు బ్రౌజర్ కుకీతో (సైట్ మీ బ్రౌజర్‌లో దాచుకునే చిన్న గుర్తుతో) ముడిపడిన తాత్కాలిక ఖాతా ఇస్తోంది. ఇది నాకు నచ్చింది.

"మరి నా మీద కేసు ఏమైనా..." అని మీరు చివర్లో అడిగారు. ఉత్త ఐపీ మాత్రమే పట్టుకుంటే సీజీనాట్ వెనక ఉన్న మనిషి దొరకడు. కచ్చితమైన టైం, దాంతోపాటు పోర్ట్ నెంబర్ కూడా ఉంటేనే నెట్ కంపెనీ తన రికార్డుల్లో ఒక కస్టమర్ దాకా రాగలదు. ఆ వివరాలు మిమ్మల్ని చూపించవు, ఎందుకంటే ఆ పని చేసింది మీరు కాదు. ఒక్క మినహాయింపు ఉంది. తేదీ నిన్నో ఇవాళో అయి ఉండి, మీరు ఇంటి వైఫై మీద ఉంటే, ఆ వైఫై వాడే మిగతావాళ్లను కూడా ఓ మాట అడగండి. పాస్‌వర్డ్ బయటివాళ్లకు ఇచ్చి ఉంటే మార్చేయండి.

కేవలం చదవడానికే అయితే హెచ్చరికను పట్టించుకోనక్కర్లేదు. ఏదైనా రాయాలనుకుంటే ఖాతా తెరుచుకోండి, అప్పుడు సందేశాలు మీకు పెట్టినవే మీకు వస్తాయి. ఒకవేళ బ్లాక్ వల్ల ఖాతా కూడా తెరవనివ్వకపోతే, అప్పీల్లో "నేను చేయలేదు" అని పేజీల కొద్దీ వాదించకండి. "ఇది మొబైల్ నెట్‌వర్క్ షేర్డ్ ఐపీ, లాగిన్ అయినవాళ్లను అనుమతించండి" అని రెండు ముక్కలు రాయండి. నేను ఇంకో సైట్‌లో అలాగే రాస్తే, లాగిన్ కానివాళ్లకు మాత్రమే వర్తించేలా బ్లాక్‌ను సడలించారు.