ఎప్పుడు ఆగుతుందో తెలియని పాత కారు మీద అంత ఇష్టం ఎందుకు?

మాకూ ఒకటి ఉండేది కాబట్టి చెబుతున్నా. సెకండ్‌హ్యాండ్ పద్మిని. మా నాయన చిత్తూరులో కొన్నాడు. కొనేటప్పటికే దానికి వయసు మళ్లింది, కాబట్టి తయారుచేసినవాళ్లను అనేదేమీ లేదు. ఫియట్ 1100 డిలైట్ అని వచ్చే బండికే 1970ల నడుమ పద్మిని అని రాణి పేరు పెట్టారు. రాజస్థాన్‌లోని చిత్తోడ్ రాణి గదా, చిత్తూరుకొచ్చి అలగడం మొదలుపెట్టింది.

అలకల్లో పెద్దది ఎండాకాలానిది. తిరుపతి 70 కిలోమీటర్లే, అయినా చంద్రగిరి దగ్గరికొచ్చేసరికి ఇంజన్ దగ్గి ఆగిపోయేది. పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. ఆ వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరవుతుంది. పంపు పెట్రోలును లాగుతుంది గానీ ఆవిరిని లాగలేదు. మెకానిక్కులు ఏర్‌లాక్ అనేవాళ్లు. దానికి మందు తడిగుడ్డ. పంపుకి తడి తువ్వాలు చుట్టి, చింతచెట్టు కింద కూర్చుని అమ్మ కట్టిచ్చిన చిత్రాన్నం తింటా ఉంటే బండి చల్లబడేది. తినేలోపే స్టార్టయితే మా తమ్ముడికి ఏడుపొచ్చేది.

ఇంక కొండకి పోయేటప్పుడు వేరే కథ. హ్యాండ్‌బ్రేక్ మీద నాయనకి నమ్మకం లేదు. తమ్ముడి కాళ్ల దగ్గర ఒక రాయి ఎప్పుడూ ఉండేది. ఘాట్‌లో బండి ఆగితే వాడు దూకి వెనక చక్రం కింద రాయి పెట్టాల. ఇంట్లో వాడొక్కడికే అంత బాధ్యత గల ఉద్యోగం! అలిపిరి నుంచి 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదని ఇప్పుడు నిబంధన ఉంది. మా బండికైతే ఆ నిబంధన పెట్టినా ఒకటే, తీసేసినా ఒకటే.

ఇష్టం ఎందుకంటే, దానికి ఏమైందో మనకి తెలిసేది. గేరు స్టీరింగ్ పక్కనే, ముందు సీటు అడ్డంగా ఒకటే, నాయనకీ మామకీ నడుమ కూర్చుని చూసి చూసి నాకు అంతా వచ్చేసింది. ఇంజన్‌కి స్పార్క్ అందేలా చేసే పాయింట్లు గరుకు కాగితంతో రుద్దడం పదో తరగతికే వచ్చు. ఇప్పటి కారు బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూత తప్ప ఏం కనిపిస్తుంది?

ఇప్పుడు ఒకటి కొనాలనుకుంటే ఇంజన్ కన్నా ముందు కింద పరిచిన మ్యాట్ ఎత్తి అడుగు రేకు చూడండి. ఇంజన్ బాగుచేయించుకోవచ్చు, తుప్పు తిన్న రేకుకి వెల్డింగ్ ఖర్చు తెమలదు. పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కి పంపే కార్బురేటర్ పని తెలిసిన ముసలి మెకానిక్ మీ ఊళ్లో ఉన్నాడో లేదో అంతకన్నా ముందే కనుక్కోండి.