తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు తెలివి తగ్గుతుందా?

పుట్టకముందు, పుట్టాక బిడ్డ ఎదుగుదలకూ మెదడుకూ ఉన్న సంబంధం గురించి విశాఖపట్నం, చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు.

ప్రశ్న: మా బాబు 38 వారాలకు పుట్టాడు. బరువు 2.2 కిలోలు, తల చుట్టుకొలత 33 సెంటీమీటర్లు. ఇప్పుడు నాలుగు నెలలు నిండాయి. బరువు 5.9 కిలోలు, తల 40.8. నా పాలు తప్ప ఏమీ పట్టడం లేదు. "తల చిన్నది, ఒంట్లో బరువు లేదు, రేపు చదువేం అబ్బుతుంది" అని అత్తగారు దిగులుపడుతున్నారు. డబ్బా పాలు కూడా పడితే బరువుతోపాటు మెదడూ బాగా ఎదుగుతుందా? – ఒక తల్లి, గాజువాక

జవాబు: మీరు రాసిన అంకెలే అత్తగారి దిగులుకు జవాబు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టు ప్రకారం మగబిడ్డకు పుట్టినప్పుడు తల సగటు 34.5 సెం.మీ., నాలుగు నెలలకు 41.6. మీ బాబు సగటుకు సెంటీమీటరున్నర వెనక మొదలై ఇప్పుడు 8 మిల్లీమీటర్ల దూరంలోకి వచ్చేశాడు. పుట్టినప్పుడు బరువు చార్టులో హెచ్చరిక గీత కింద ఉంది, ఇప్పుడు దాన్ని దాటింది. నాలుగు నెలల్లో 3.7 కిలోలంటే రోజుకు సగటున 30 గ్రాములు. పాలు చాలడం లేదన్న అనుమానానికి ఇక చోటే లేదు. డబ్బా పాలు వద్దు.

కడుపులో ఉండగా మాయ నుంచి అందే రక్తం తగ్గితే, బిడ్డ శరీరం ఉన్నదాన్ని ముందు మెదడుకు మళ్లిస్తుంది. కండ, కొవ్వు, కాలేయం చిక్కుతాయి. అందుకే ఇలాంటి పిల్లలు కాళ్లూ చేతులూ సన్నగా పుట్టినా తల మాత్రం దాదాపు మామూలుగానే ఉంటుంది. తల కూడా బరువుతో సమానంగా బాగా చిన్నదై పుడితే కథ వేరు. గర్భం మొదట్లోనే సోకిన ఇన్ఫెక్షన్, జన్యులోపం లాంటివి వెతకాలి. మీ బాబు మొదటి రకం. ఈ మళ్లింపు మెదడును పూర్తిగా కాపాడుతుందని మాత్రం చెప్పలేం. తక్కువ బరువుతో పుట్టిన పిల్లలందరినీ కలిపి చూస్తే తెలివి పరీక్షల్లో సగటు కొద్దిగా తగ్గుతుంది. ఆ సగటును పట్టుకుని ఒక బిడ్డ భవిష్యత్తు చెప్పడం కుదరదు.

పుట్టేనాటికి మెదడు సుమారు 350 గ్రాములు. ఏడాది నిండేసరికి 900కు చేరుతుంది. పెద్దవాళ్లకు ఉండేది 1300–1400. ఇంత వేగం మళ్లీ జీవితంలో రాదు. అందుకే పుట్టాక అందే తిండి కీలకం. నెదర్లాండ్స్‌లో 1944–45 చలికాలంలో ఘోరమైన కరువు వచ్చింది. అప్పుడు తల్లి కడుపులో ఉన్న మగపిల్లలు 19 ఏళ్లకు సైన్యం పరీక్షలకు వచ్చినప్పుడు, వాళ్ల తెలివి మార్కులు మిగతావారికి తీసిపోలేదు. కరువు తీరాక వాళ్లకు తిండి దొరికింది. (గర్భం మొదట్లో కరువుకు చిక్కినవారిలో వెన్నుపాము లోపాలు, పెద్దయ్యాక స్కిజోఫ్రేనియా అనే తీవ్ర మానసిక వ్యాధి పెరిగాయి. కాబట్టి గర్భిణి పస్తును తేలిగ్గా తీసుకోకూడదు.) గ్వాటెమాలా పల్లెల్లో 1969 నుంచి 1977 దాకా కొన్ని ఊళ్లలో మాంసకృత్తులున్న జావ, కొన్నింట తీపి పానీయం ఇచ్చారు. పసితనంలో జావ తాగినవారు పెద్దయ్యాక చదివి అర్థం చేసుకునే పరీక్షల్లో మెరుగ్గా నిలిచారు, మగవారికి గంట కూలీ కూడా ఎక్కువ దక్కింది. మన దేశంతో సహా ఐదు దేశాల పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన పరిశోధనలో తేలింది మరొకటి: మొదటి రెండేళ్లలో పొడవు బాగా పెరిగినవారు ఎక్కువ చదివారు. రెండేళ్లు దాటాక పొడవును మించి పెరిగిన బరువు చదువుకు కలిసొచ్చింది తక్కువ, రక్తపోటుకు దారితీసింది ఎక్కువ. బిడ్డను బొద్దుగా చేయాలన్న ఆరాటం అందుకే వద్దంటున్నాం. తల, పొడవు చూడండి.

తల కొలవడానికి దర్జీ టేపు పనికిరాదు, వాడగా వాడగా సాగుతుంది. సాగని టేపును కనుబొమల పైనుంచి, చెవుల పైనుంచి, తల వెనక ఉబ్బెత్తుగా తగిలే ఎముక మీదుగా చుట్టి బిగువుగా పట్టండి. మూడుసార్లు కొలిచి పెద్ద అంకె రాసుకోండి. మొదటి మూడు నెలలు నెలకు సుమారు 2 సెం.మీ., తర్వాత మూడు నెలలు 1 సెం.మీ., ఆపైన ఏడాది దాకా అర సెం.మీ. చొప్పున పెరగాలి. వారం వారం కొలిస్తే చేతి తేడాయే అర సెంటీమీటరు వచ్చి భయపెడుతుంది. టీకాకు వెళ్లినప్పుడు కొలిపించి, తల్లీబిడ్డల కార్డుతోపాటు ఒక కాగితం మీద తేదీ వేసి రాయించుకుంటే చాలు. రెండు నెలలు తల కొలతలో కదలిక లేకపోయినా, చార్టులో గీతలు దాటి అతి వేగంగా పెరుగుతున్నా డాక్టరుకు చూపించాలి. వేగంగా పెరుగుతూ వాంతులు, మాడు ఉబ్బడం, నల్లగుడ్లు కిందికి వాలిపోవడం ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

ప్రశ్న: నాకు 31వ వారం. స్కాన్‌లో బిడ్డ బరువు పదో పర్సెంటైల్ కన్నా తక్కువ (అన్ని వారాలే నిండిన వందమంది బిడ్డల్లో అందరికన్నా తక్కువ బరువున్న పదిమందిలో ఒకరు), డాప్లర్ (బొడ్డుతాడులో రక్తప్రసరణ చూసే పరీక్ష) నార్మల్ అని రాశారు. వారానికి రెండు అమైనో యాసిడ్ సెలైన్లు ఎక్కించుకుంటే బిడ్డ పెరుగుతుందంటున్నారు. లేదంటే ముందే ఆపరేషన్ చేయించుకుని బయట పెంచుకోవచ్చా? – మధురవాడ

జవాబు: ఆ సెలైన్లతో కడుపులో బిడ్డ పెరుగుతుందనడానికి నమ్మదగిన రుజువు లేదు. చాలామందిలో లోటు తల్లి రక్తంలో కాదు, మాయ దాన్ని దాటించడంలో ఉంటుంది. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పాలు కొనుక్కోండి. గర్భిణికి మామూలుకన్నా రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలి, మాంసకృత్తులు చివరి మూడు నెలల్లో 22 గ్రాములు అదనం.

ముందు వారాల లెక్క సరైనదో కాదో 11–13 వారాల స్కాన్‌తో సరిచూడమని అడగండి. తేదీ తప్పితే మామూలు బిడ్డ కూడా చిన్నదిగా కనిపిస్తుంది. తర్వాత మీ బీపీ, హిమోగ్లోబిన్, థైరాయిడ్. ఎదుగుదల స్కాన్‌ను రెండు వారాలకన్నా ముందు మళ్లీ తీయించి పోల్చకండి, బరువు అంచనాలో ఉండే తేడాయే ఎదుగుదలను మించిపోతుంది. డాప్లర్ మాత్రం డాక్టరు చెప్పినంత తరచుగా చేయించుకోవాల్సిందే.

ఆపరేషన్ తొందర ఎందుకు వద్దంటే, 34–35 వారాలకు మెదడు బరువు నిండు నెలల బిడ్డ మెదడులో మూడింట రెండు వంతులే. మిగతా వంతు, మెదడు మడతల్లో చాలా భాగం చివరి వారాల్లోనే వస్తాయి. డాప్లర్ బాగుంటే మామూలుగా 37–39 వారాల దాకా ఆగుతారు. బొడ్డుతాడులో రక్తం గుండె కొట్టుకునే మధ్యలో ఆగిపోతున్నా, వెనక్కి మళ్లుతున్నా అప్పుడు కడుపులో ఉంచడమే ప్రమాదం. 34 వారాల లోపు తీయాల్సివస్తే ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, 32 వారాల లోపైతే మెదడు రక్షణకు మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. అందుకని నవజాత శిశువుల ఐసీయూ ఉన్నచోటే, విశాఖ కింగ్ జార్జ్ ఆస్పత్రి (కేజీహెచ్) కావచ్చు, మరొకటి కావచ్చు, కాన్పు ఇప్పుడే ఖాయం చేసుకోండి. పుట్టిన బిడ్డను అంబులెన్సులో తిప్పడంకన్నా కడుపులో ఉండగా తల్లి వెళ్లడం ఎంతో క్షేమం.

ఐరన్ మాత్రలో 60 మి.గ్రా. ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. దాన్ని టీతో, పాలతో, క్యాల్షియం మాత్రతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి పట్టదు. రెండు గంటల ఎడం ఇచ్చి నిమ్మనీళ్లతో వేసుకోండి. చేపల్లో కవళ్లు, నెత్తళ్లు, కానాగంతలు వారానికి రెండుమూడు సార్లు మంచివి. సొర వద్దు. పెద్ద వేట చేపల్లో పాదరసం పేరుకుంటుంది, అది నేరుగా పసి మెదడుకు హాని. బాలింతకు పాలు పడతాయని పెట్టే సొరపిట్టుకూ ఇదే మాట, చిన్న చేపలతో పిట్టు చేసి పెట్టండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో చేపలు ప్రియమైతే రోజూ గుడ్డు తినండి. ఇంట్లో ఎవరైనా చుట్ట కాలిస్తే, అడ్డపొగైనా (నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చడం) సరే, బయటికి వెళ్లి కాల్చాలి. పెద్దవాళ్లకు చెప్పడానికి మొహమాటపడే విషయం కాదిది. పక్కకు తిరిగి పడుకోండి. బిడ్డ కదలికలు తగ్గినట్టనిపిస్తే రెండు గంటలు పక్కకు పడుకుని లెక్కపెట్టండి, పదికి తక్కువైతే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: పాపకు 13 నెలలు, మాడు ఇంకా కూడలేదు. ఆముదం పెట్టి నొక్కుతున్నాం, స్నానం చేయించాక సాంబ్రాణి వేస్తున్నాం. మెదడుకు ఏమైనా అవుతుందా? – భీమిలి

జవాబు: ఏడాదిన్నర దాకా, కొందరికి రెండేళ్ల దాకా కూడదు. తల మామూలుగా పెరుగుతూ, పాప నిలబడుతూ, పిలిస్తే పలుకుతుంటే భయం లేదు. నూనెతో మాడు కూడదు, నొక్కడం మానండి. సాంబ్రాణి పొగ ఊపిరితిత్తులకు చెడుపు, అదీ మానండి. మాడు బాగా వెడల్పుగా ఉండి మలబద్ధకం, బొంగురు ఏడుపు, మందకొడితనం ఉంటే థైరాయిడ్ పరీక్ష వెంటనే కావాలి. అసలు ఈ పరీక్ష పుట్టిన రెండుమూడు రోజులకే మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేయాలి. లోపమున్న బిడ్డకు రెండు వారాల్లోపు మాత్ర మొదలైతే తెలివి నిలుస్తుంది, నెలలు గడిచాక మొదలుపెడితే పోయింది పూర్తిగా తిరిగిరాదు. కాన్పుకు వెళ్లేముందే ఆస్పత్రిలో అడగండి.

ప్రశ్న: బాబు 32 వారాలకే, 1.6 కిలోలతో పుట్టాడు. ఇప్పుడు తొమ్మిది నెలలు. ఇంకా తనంతట కూర్చోవడం లేదు. మెదడు దెబ్బతిందా? – పెందుర్తి

జవాబు: ఎనిమిది వారాలు ముందు పుట్టాడు కాబట్టి అతని అసలు వయసు ఏడు నెలలు. రెండేళ్లు నిండేదాకా బరువు, తల, ఆటపాటలు అన్నీ ఈ సవరించిన వయసుతోనే చూడాలి. టీకాలకు మాత్రం పుట్టినరోజే లెక్క. ఆసరా లేకుండా కూర్చోవడం తొమ్మిది నెలల దాకా మామూలే, కాబట్టి ఇంకా సమయం ఉంది. అయితే కాళ్లు కత్తెరలా బిగుసుకోవడం, పిడికిళ్లు విప్పకపోవడం, ఒక చెయ్యే వాడటం ఉంటే ఆగకండి. పుట్టిన నాలుగు వారాలకు చేయాల్సిన కంటి రెటీనా పరీక్ష, వినికిడి పరీక్ష జరిగాయా? లేకపోతే ఈ వారమే చేయించండి. తల్లి నుంచి బిడ్డకు ఇనుము చేరేది ఎక్కువగా చివరి మూడు నెలల్లోనే. అది అందలేదు కాబట్టి ఏడాది నిండేదాకా కిలోకు రోజుకు 2 మి.గ్రా. ఇనుము చుక్కలు కావాలి. ఆలస్యం తేలితే ఏఎన్‌ఎం (ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్త) ద్వారా ప్రభుత్వ ముందస్తు చికిత్స కేంద్రానికి రాయించుకోండి, ఫిజియోథెరపీ ఉచితం.

ప్రశ్న: పాపకు 14 నెలలు, 8.4 కిలోలు. అన్నం తినదు. సీసాతో రోజుకు 800 మి.లీ. పాలు తాగుతుంది. ఫోన్ చూపిస్తేనే నాలుగు ముద్దలు. హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది. – ఎంవీపీ కాలనీ

జవాబు: తినకపోవడానికీ రక్తం తగ్గడానికీ కారణం ఆ 800 మి.లీ. పాలే. పాలలో ఇనుము దాదాపు లేదు, పైగా కడుపు నింపి ఆకలి చంపుతాయి. ఇనుము తగ్గితే నరాల పైపొర సరిగా ఏర్పడదు, పిల్లలు నిరుత్సాహంగా, చిరాగ్గా ఉంటారు. పాలు 400–500కు దించండి, సీసా తీసేసి గ్లాసుతో పట్టండి. మొదటి మూడునాలుగు రోజులు గొడవ చేస్తుంది, ఓర్చుకోండి.

గుడ్డు, ముళ్లు తీసిన చేప, కోడి కార్జం, నిమ్మరసం పిండిన పప్పన్నం రోజులో మూడుసార్లు, మధ్యలో రెండుసార్లు పండు లాంటిది పెట్టండి. ముద్ద మెత్తగా ఉండాలి కానీ నీళ్లగా ఉండకూడదు. ఇనుము సిరప్ కిలోకు 3 మి.గ్రా. చొప్పున, అంటే రోజుకు సుమారు 25 మి.గ్రా. సీసా మీద మొత్తం లవణం బరువు కాదు, అసలు ఇనుము ఎంతో చూసి డాక్టరు చేత మి.లీ. లెక్క రాయించుకోండి. పాలకు దూరంగా, బుగ్గ లోపలి వైపు పోయండి. మలం నల్లగా వస్తుంది, భయపడకండి.

ఫోన్ రెండేళ్ల దాకా అసలొద్దు. తెరకు కళ్లప్పగించిన బిడ్డకు ముద్ద రుచీ తెలియదు, అమ్మ మాటా వినపడదు. జమైకాలో 1986–87లో ఎదుగుదల తగ్గిన 9–24 నెలల పిల్లల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికోసారి గంటసేపు వెళ్లి, ఆడించడం, మాట్లాడించడం తల్లులకు నేర్పారు. కొందరికి పాలపొడి ఇచ్చారు. పాలపొడి వల్ల వచ్చిన మేలు కొన్నేళ్లకు కనిపించకుండా పోయింది. ఆడించిన పిల్లలకు మాత్రం 22 ఏళ్ల వయసులో సంపాదన 25 శాతం ఎక్కువ. అందులో ఖరీదైన బొమ్మలేమీ లేవు. ముద్ద పెడుతూ "ఇది గుడ్డు, పచ్చగా ఉంది చూడు" అనండి, ఆమె శబ్దం చేస్తే తిరిగి పలకండి, డబ్బాలో గిన్నెలు వేయించి తీయించండి.

నెలకు మళ్లీ రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరిగితే మందు పనిచేస్తున్నట్టే, రెండు మూడు నెలలు ఆపకుండా వాడండి. పెరగకపోతే సిరప్ సరిగా పడుతోందో లేదో ముందు చూసుకుని, తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త లోపం) పరీక్ష గురించి డాక్టరును అడగండి.