నాసర్ జైలుకెళ్లాడు సరే, మరి యూనివర్సిటీ సంగతి?

మీరు అడిగింది ఇదీ: మీ అమ్మాయికి అమెరికాలో ఓ యూనివర్సిటీ జిమ్నాస్టిక్స్ టీమ్‌లో చోటు దొరికింది, వైద్యం పేరుతో వందలమంది అమ్మాయిలను లైంగికంగా వేధించిన జిమ్నాస్టిక్స్ డాక్టర్ లారీ నాసర్ కేసు గురించి చదివాక టెన్షన్ పట్టుకుంది. డాక్టర్‌కి శిక్ష పడింది కానీ అతన్ని అన్నేళ్లు ఉద్యోగంలో ఉంచిన మిషిగన్ స్టేట్ యూనివర్సిటీని ఎవరైనా ఏమైనా అన్నారా అని.

నేను 2016 ఆగస్టులో అక్కడే ఎమ్మెస్‌లో చేరానండి. దిగిన నెలకే ఇండియానాపొలిస్ స్టార్ పత్రికలో రేచెల్ డెన్‌హాలాండర్ అనే మాజీ జిమ్నాస్ట్ తన పేరుతోనే బయటికొచ్చి నాసర్ గురించి చెప్పింది. అప్పుడు నాకేమీ పట్టలేదు. అద్దె డిపాజిట్, బ్యాంకు అకౌంటు, చలికోటు... నా గొడవలో నేనున్నాను. 2018 జనవరిలో శిక్ష ఖరారు చేసే విచారణ ఏడు రోజులు సాగింది, లైవ్‌లో వచ్చింది. ల్యాబ్‌లో ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినడం మొదలుపెట్టి, రెండో రోజుకి పని మానేసి చూస్తూ కూర్చున్నాను. జడ్జి రోజ్‌మరీ అక్విలినా 156 మంది వాంగ్మూలాలకు చోటిచ్చారు.

నన్ను కదలకుండా చేసింది వాడు చేసిన పనుల వర్ణన కాదు. "నేను అప్పుడే చెప్పాను" అనే మాట. ఒకరి తర్వాత ఒకరు అదే మాట. పదహారేళ్ల లారిసా బాయ్స్ 1997లోనే యూనివర్సిటీ జిమ్నాస్టిక్స్ కోచ్‌కి చెప్పిందట. నువ్వే ఏదో అపార్థం చేసుకున్నావు అన్నారట. 1997 అంటే పత్రికలో వార్త రావడానికి 19 ఏళ్ల ముందు.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పాలి. నేను ఇండియాలో డిగ్రీ చదివేటప్పుడు కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఆడేదాన్ని. మా పీడీ సారు, కాలు పట్టేసిందని ఎవరైనా కూర్చుంటే చాలు, నూనె సీసా పట్టుకుని తయారయ్యేవాడు. స్టోర్ రూమ్‌కి ఒంటరిగా వెళ్లకూడదని మాలో మాకు తెలుసు. బంతులు తేవడానికి కూడా ఇద్దరిద్దరం వెళ్లేవాళ్లం. ఇంటర్ యూనివర్సిటీ సెలక్షన్స్‌కి పేర్లు పంపేది ఆయనే కాబట్టి పైకి ఎవరూ అనేవాళ్లు కాదు. చివరికి మా సీనియర్ అక్క ఒకామె కంప్లెయింట్ రాసుకుని ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. ఆయన కాగితం ముట్టుకోలేదు. "నోటితో చెప్పావుగా తల్లీ, చాలు. కాగితం మీద పెడితే రేపు నీ పెళ్లికే అడ్డం" అన్నారు. ఆ ఏడాది చివర పీడీ వేరే కాలేజీకి వెళ్లిపోయాడు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి పంపారు. శాలువా ఉన్న పళ్లెం పట్టుకుని స్టేజీ మీద నిలబడింది నేనే. ఆ ఫొటో ఎక్కడో ఉండే ఉంటుంది.

అందుకే మిషిగన్ స్టేట్ కథలో నేను మళ్లీ మళ్లీ వెనక్కి వెళ్లి చదివింది 2014 సంగతి. ఆ ఏడాది అమాండా థోమాషో అనే అమ్మాయి నాసర్ మీద ఫిర్యాదు చేసింది. మా కాలేజీలోలా కాదు, కాగితం తీసుకున్నారు, టైటిల్ నైన్ కింద, అంటే చదువుల్లో ఆడామగా వివక్షని, లైంగిక వేధింపుని అడ్డుకునే అమెరికా చట్టం కింద, విచారణ కూడా చేశారు. చూస్తే అంతా పద్ధతిగానే ఉంది. కానీ అది వైద్యమా కాదా అని అడగడానికి ఎంచుకున్న నలుగురు నిపుణులూ ఆ యూనివర్సిటీకి చెందినవాళ్లే! వైద్యానికీ వేధింపుకీ ఉన్న సన్నటి తేడా ఆ అమ్మాయికి అర్థం కాలేదని తేల్చారు. ఇంకో విచిత్రం, రిపోర్టులు రెండు తయారయ్యాయి. ఆమెకు ఇచ్చిన దాంట్లో తప్పేమీ లేదు. లోపల ఉంచుకున్న దాంట్లో మాత్రం, ఈ పద్ధతి వల్ల పేషెంట్లు అనవసరంగా బాధపడే ప్రమాదం ఉంది, యూనివర్సిటీకి చట్టపరమైన చిక్కులు రావచ్చు అని రాసుకున్నారు. అంటే తెలుసు. నాసర్ మళ్లీ పేషెంట్లను చూశాడు, ఇంకో రెండేళ్లు. చికిత్స సమయంలో గదిలో ఇంకొకరు ఉండాలని, చర్మాన్ని నేరుగా తాకడం వీలైనంత తగ్గించాలని మెడికల్ కాలేజీ డీన్ విలియం స్ట్రాంపెల్ షరతులైతే పెట్టాడు, అవి పాటిస్తున్నాడో లేదో చూసిన నాథుడు లేడు.

ఇక మీ ప్రశ్న. నాసర్‌కి ఆ కోర్టులో 40 నుంచి 175 ఏళ్లు పడ్డ రోజే, అంటే 2018 జనవరి 24నే, ప్రెసిడెంట్ లూ ఆనా సైమన్ రాజీనామా చేశారు. రెండు రోజులకి అథ్లెటిక్ డైరెక్టర్ తప్పుకున్నాడు. మే నెలలో 50 కోట్ల డాలర్ల సెటిల్మెంట్ కుదిరింది. అందులో 42.5 కోట్లు 332 మందికి, మిగతాది తర్వాత ముందుకొచ్చేవాళ్లకి. 2019లో కేంద్ర విద్యాశాఖ 45 లక్షల డాలర్ల జరిమానా వేసింది. డబ్బు లెక్క వరకు గట్టిగానే వసూలైంది. మనుషుల లెక్కకొస్తే, జైలుకెళ్లింది స్ట్రాంపెల్ ఒక్కడే, ఏడాది శిక్ష. పోలీసులతో అబద్ధమాడారని సైమన్ మీద పెట్టిన కేసు 2020లో కొట్టేశారు. 1997లో లారిసా చెప్పుకున్న ఆ కోచ్‌కి కూడా పోలీసులతో అబద్ధమాడారని పడ్డ శిక్షను అప్పీల్ కోర్టు 2021లో రద్దు చేసింది. యూనివర్సిటీ వాళ్లు ఆరు వేలకు పైగా పత్రాలను లాయర్లతో మాట్లాడుకున్నవంటూ ఏళ్ల తరబడి దాచి, చివరికి 2024లో రాష్ట్ర అటార్నీ జనరల్‌కి ఇచ్చారు. కేసు పెట్టేంత కొత్త సంగతేమీ దొరకలేదని దర్యాప్తు మూసేశారు. ఏమీ లేని కాగితాలను అంత పట్టుదలగా ఎందుకు దాచినట్టో!

పెన్ స్టేట్ యూనివర్సిటీలో, పిల్లల మీద లైంగిక నేరాలు చేసిన ఫుట్‌బాల్ కోచ్ సాండస్కీ కేసులో, మాజీ ప్రెసిడెంట్ గ్రాహం స్పానియర్ 2021లో సుమారు రెండు నెలలు జైల్లో ఉన్నాడు. నాకు తెలిసి యూనివర్సిటీ ప్రెసిడెంట్ స్థాయి మనిషికి అలా జరగడం చాలా అరుదు. ఒహాయో స్టేట్‌లో టీమ్ డాక్టర్ రిచర్డ్ స్ట్రాస్ కేసులో బాధితులు మగపిల్లలు. విచారణ నివేదిక 177 మందిని లెక్కేసింది. అది వచ్చేసరికి అతను చనిపోయి 14 ఏళ్లు. గడువు దాటిపోయిందన్న యూనివర్సిటీ వాదన మాత్రం 2023లో సుప్రీంకోర్టు గడప దగ్గరే ఆగిపోయింది.

మీ అమ్మాయికి చెప్పాల్సింది ఇదీ. టైటిల్ నైన్ కింద యూనివర్సిటీ నుంచి నష్టపరిహారం కోరితే కోర్టు చూసేది, చర్య తీసుకునే అధికారం ఉన్నవాళ్లకి విషయం నిజంగా తెలుసా, తెలిసీ పట్టించుకోలేదా అని. కోచ్‌కి చెవిలో చెప్పింది రేపు "నాకు గుర్తులేదు" అయిపోవచ్చు. అందుకని ఏదైనా ఉంటే టైటిల్ నైన్ ఆఫీసుకే మెయిల్ పెట్టాలి, కాపీ యూనివర్సిటీది కాని సొంత మెయిల్లో ఉంచుకోవాలి. నేరమైతే పోలీసులకి కూడా వేరుగా చెప్పాలి. విచారణ జరిగితే నిపుణులు ఎవరు, ఎక్కడ పనిచేస్తారు అని అడగాలి. చికిత్సప్పుడు గదిలో ఇంకొకరు ఉండాలని అడగడం మర్యాద తక్కువేం కాదు. ఇవన్నీ వెళ్లేముందు అమ్మగారితో కూర్చోబెట్టి మాట్లాడించండి, ఫోన్లో కాదు.

క్యాంపస్‌లో చెట్లకి నీలి ఆకుపచ్చ రిబ్బన్లు కట్టి ఉండేవి, ఒక్కో రిబ్బను మీద ఒక్కో అమ్మాయి పేరు. ఆ ఫొటోలు కిందటేడు మా సీనియర్ అక్కకి పంపాను. ఆమె ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తోంది. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ రోజు తిరిగి తెచ్చుకున్న కాగితం ఇంకా మా అమ్మ బీరువాలోనే ఉందే" అంది.