గొళ్లెం పెట్టకు బుజ్జమ్మా

బుజ్జమ్మకు అత్తమ్మ దీవెనలు.

కల్లు మాన్పించడానికి దసరాకు వచ్చి మీ నాన్నను పది రోజులు గడప దాటనివ్వనన్నావట. ఆ మాట అనగలిగిన మనిషి మన ఇంట్లో ఒకరు పుట్టారని సంబరపడ్డాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

నువ్వు పసిగట్టింది నిజమే. మొన్న పెళ్లిలో చూశాను: నాలుక మడత పడుతోంది, విస్తరి ముందే కునుకు, అడిగిందే మూడుసార్లు అడిగాడు. దుకాణానికి పోని రోజు చెమటలు, చిరాకు. ఏమన్నా అంటే "చెట్టు కల్లే కదా" అంటాడు. ఊళ్లో ఉన్న ఈతచెట్లెన్ని, దుకాణంలో ఖాళీ అయ్యే సీసాలెన్ని? ఆ తేడాను ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అనే మత్తుమందులు పూడుస్తాయి. అవి కలిపారో లేదో వాసనతో తెలియదు తల్లీ, నోరు వాసన చూసి మోసపోకు.

మీ తాత సంగతి నీకు సగమే చెప్పాం. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగి మన నిజామాబాద్ వైపు దుకాణాలు మూతపడ్డాయి. ఇదే అదను అనుకుని బాపును వెనక గదిలో ఉంచి గొళ్లెం పెట్టింది నేనే. మొదటి రోజు తిట్టాడు. రెండో రోజు చేతులు వణికాయి, గోడ నిండా చీమలున్నాయని గోళ్లతో గీరాడు. నాటకమనుకున్నాను. జన్మలో ఒక్క అబద్ధం అతికేలా చెప్పలేని మనిషి, నాటకమాడతాడా? "బిడ్డా, తలుపు తియ్యవే" అని బతిమాలుతుంటే టీవీ శబ్దం పెంచాను. మూడో రోజు పొద్దున మూర్ఛ వచ్చింది. తలుపు తీసేసరికి నాలుక కరుచుకుని, నోటినిండా నెత్తురు.

ఆసుపత్రిలో డాక్టరు "రోజుకు ఎన్ని సీసాలు?" అని అడిగాడు. నాకు తెలియదు. ఏళ్ల తరబడి తిట్టానే గానీ లెక్కపెట్టలేదు. ఒంటికి అలవాటైన మందును ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ముప్పని, మెల్లమెల్లగా తగ్గించాలని ఆయన చెబితేనే తెలిసింది. బాపు బతికాడు. కానీ పోయేదాకా తలుపు వేసిన గదిలో పడుకోలేదు.

మీ నాన్నను పదిమందిలో నిలదీయకు, డబ్బు చేతికివ్వకు. ఇవి నీకు తెలిసినవే. సీసాల లెక్క ఇప్పటినుంచే రాయమని మీ అమ్మకు చెప్పు. ఆమెను తప్పుపట్టావో, ఊరుకోను. ముందు మానసిక ఆరోగ్యానికి సర్కారు పెట్టిన సహాయ నంబరు 14416కు ఫోను చెయ్యి, తెలుగులోనే మాట్లాడతారు. తరువాత హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం. పిచ్చాసుపత్రి అని వాడు అలుగుతాడు, అలగనీ.

కారు ఎక్కించే పని నాకు వదిలెయ్యి. చెయ్యి పట్టుకుంటే వస్తాడు. బడికి కూడా అలాగే వచ్చేవాడు.

అత్తమ్మ