ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్, వాపు లేదు: అమ్మగారి రిపోర్ట్ గురించి

అమ్మగారికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ (రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం అనుమానంతో చేసే రక్తపరీక్ష) 38 వచ్చిందని, కీళ్లలో వాపు లేదని, డాక్టర్ గారు జబ్బు పేరు రాయలేదని అడిగారు కదా. హద్దు 14 ఉన్నచోట 38 అంటే తక్కువ పాజిటివే. పెద్ద వయసులో జబ్బేమీ లేకుండానే ఇలా రావచ్చు. హెపటైటిస్ సి, టీబీ ఉన్నా వస్తుంది. వాపు లేదంటున్నారు కాబట్టి డాక్టర్ గారు జబ్బు పేరు రాయకపోవడంలో తప్పు లేదు.

1. యాంటీ సీసీపీ (ఇదే జబ్బుకు చేసే మరో రక్తపరీక్ష) చేయించారా? మీరు రాయలేదు. అసలు బరువు దానిదే. హద్దుకు మూడు రెట్లు దాటితే ఎక్కువ పాజిటివ్ అంటారు. అలా వస్తే ఇప్పుడు వాపు లేకపోయినా ఫాలోఅప్ మానకూడదు.

2. చాలామంది వదిలేసేది ఇదే: కీళ్లు చూపించుకోవడం. వాట్సాప్‌లో రిపోర్ట్ పంపి ఊరుకుంటారు (మా ఇంట్లోనూ అదే చేశాం). రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) వేళ్ల మొదళ్లు, మణికట్టు నొక్కి చూడాలి. ఈ జబ్బును తేల్చడానికి డాక్టర్లు వాడే 2010 ప్రమాణాల ప్రకారం ఒక్క కీలులోనైనా వాపు తేలాలి, రక్తపరీక్ష ఒక్కటే చాలదు. నొప్పి మాత్రలు, స్టెరాయిడ్ వాడుతుంటే వాపు బయటపడకపోవచ్చు. ఆ సంగతి ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి.

3. పొద్దున వేళ్లు అరగంటకు పైగా బిగుసుకుపోయినా, రోజూ పెట్టుకునే ఉంగరం ఎక్కకపోయినా ఫోటో తీసి త్వరగా చూపించండి.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ మాత్రం నెలనెలా చేయించకండి, డబ్బు దండగ.