పాత కంప్యూటర్‌లో లినక్స్ నల్లతెర దగ్గరే ఆగిపోతే

ప్రశ్న: మా ఇంట్లో పదిహేనేళ్ల నాటి డెస్క్‌టాప్ ఉంది. అందులో ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డు ఉంది. పెన్‌డ్రైవ్ ద్వారా లినక్స్ మింట్ ఆపరేటింగ్ సిస్టమ్ వేద్దామంటే మెనూ వరకు వస్తుంది కానీ, ఎంటర్ నొక్కగానే తెర నల్లబడి ఆగిపోతుంది. విద్యుత్ నిర్వహణ చూసే ఏసీపీఐ అనే ఏర్పాటును ఆఫ్ చేస్తే చాలని తెలిసినవారు అంటున్నారు. చేయవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: అప్పుడే అంత దూరం వెళ్లకండి. మెనూ సవ్యంగా కనిపించి ఆ తర్వాతే తెర నల్లబడుతోందంటే, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ గ్రాఫిక్స్ కార్డును గుర్తించి తెర రిజల్యూషన్‌ను మార్చబోయే దశలో చిక్కు వస్తోందని ముందుగా అనుమానించాలి. ఎన్‌విడియా కార్డులను మామూలుగా నడిపే నూవో డ్రైవరుకు కొన్ని పాత కార్డులతో పొసగదు.

మెనూలో మొదటి వరుస మీద ఉండగా ట్యాబ్ కీ నొక్కండి. అది పని చేయకపోతే ‘ఇ’ అక్షరం నొక్కండి. తెరుచుకునే వాక్యంలో క్వైట్, స్ప్లాష్ అనే రెండు మాటలుంటాయి. వాటిని చెరిపి, అక్కడ నోమోడ్‌సెట్ (nomodeset) అని చిన్న ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయండి. తెర రిజల్యూషన్‌ను మార్చవద్దని కెర్నెల్‌కు చెప్పే మాట అది. ట్యాబ్‌తో వెళ్లినవారు ఎంటర్, ‘ఇ’తో వెళ్లినవారు ఎఫ్10 నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది, రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి భయపడనక్కరలేదు. బొమ్మ కాస్త మొరటుగా కనిపించినా, ఇన్‌స్టాల్ చేయడానికి అది చాలు.

క్వైట్ తీసేయడం వల్ల మరో లాభం ఉంది: ఏ పరికరాన్ని వెదుకుతూ ఆగిందో సూచించే సందేశాలు తెర మీద కనిపిస్తాయి. మళ్లీ ఆగితే చివరి వరుసలను సెల్‌ఫోనుతో ఫొటో తీసుకోండి. ఇంటరప్టుల (పరికరాలు ప్రాసెసర్‌ను పిలిచే సంకేతాల) ప్రస్తావన ఉంటే నోఏపిక్ (noapic) అనే మాటను ప్రయత్నించవచ్చు. ఒకసారికి ఒక్క మాటే మార్చండి. అన్నీ కలిపి పెడితే ఏది పనిచేసిందో తెలియదు.

ఏసీపీఐ ఆఫ్ (acpi=off) అన్నిటికన్నా చివరి మాట. పరికరాల అమరికను, విద్యుత్ నిర్వహణను సిస్టమ్‌కు తెలిపే ఆ ఏర్పాటు 1996లో వచ్చింది. దాన్ని పూర్తిగా మూసేస్తే షట్‌డౌన్ చేశాక కూడా కరెంటు ఆగక బటన్ నొక్కిపట్టాల్సి రావచ్చు. ఒక్కోసారి ప్రాసెసర్‌లోని కోర్లలో ఒకటే పనిచేస్తుంది. అసలే నెమ్మదిగా నడిచే యంత్రానికి ఇది పెద్ద నష్టం.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి, స్టార్ట్ అవుతుండగా షిఫ్ట్ నొక్కిపట్టి, గ్రబ్ అనే స్టార్టప్ ప్రోగ్రాం చూపే మెనూలో ఇదే నోమోడ్‌సెట్ మార్పు చేయాలి. తగిన డ్రైవరు దొరికితే ఆ మాటతో పని లేదు. దొరకకపోతే ఈటీసీ ఫోల్డరు లోపలి డీఫాల్ట్ ఫోల్డరులో ఉన్న గ్రబ్ ఫైలులో (/etc/default/grub), క్వైట్ స్ప్లాష్ ఉన్న వరుసలోనే దాన్ని చేర్చి, ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో అప్‌డేట్-గ్రబ్ ఆదేశాన్ని, అడ్మిన్ అధికారమిచ్చే సుడోతో నడపండి (sudo update-grub). ఫైలు సేవ్ చేసినంత మాత్రాన మార్పు అమలు కాదు.